పాత కార్ల యార్డులు: చూడటానికి ఏది, విడిభాగాలకు ఏది, మొత్తం కారు కొనడానికి ఏది?

నడుములోతు గడ్డిలో వరసలు తీరి నిలబడ్డ కార్లు. ఒకదాని బానెట్టు మీద నాచు పరుచుకుంది. ఇంకొకదాని బంపరుకూ రేడియేటరుకూ మధ్య మొలిచిన మొక్క మానై, బంపరును తన బెరడులో కలిపేసుకుంది. ఇలాంటి ఫొటో కనబడితే వెంటనే బయలుదేరాలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపిస్తుంది. అయితే ఆ ఫొటోలోని చోటికి ఒక డోరు హ్యాండిల్ కోసం స్పానర్ల సంచి మోసుకెళ్లినవాళ్లు గేటు దగ్గరే నిరాశపడతారు, అక్కడ ఒక్క స్క్రూ కూడా అమ్మరు. కెమెరా మెడలో వేసుకుని ఊరిచివర తుక్కు యార్డుకు వెళ్లినవాళ్లకేమో పదిహేనేళ్ల నాటి కార్లు తప్ప ఏమీ కనిపించవు. రెండు చోట్లూ మంచివే, వెళ్లినవాళ్లే తారుమారయ్యారు.

పాత కార్ల యార్డుల్లో ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. చూపించడానికే ఉంచినవి, అడవిలో అలాగే వదిలేసినవి, పాత కార్ల విడిభాగాలు అమ్ముతూ నడుస్తున్నవి, కాస్త ఇటీవలి కార్లు వచ్చిపోయే మామూలు తుక్కు యార్డులు. వీటిలో మీకు పనికొచ్చేది ఏదో తేల్చడానికి ముందు కొన్ని విషయాలు మీలో మీరు స్పష్టం చేసుకోవాలి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఇంటికి ఏం తెచ్చుకోవాలి? ఫొటోలా, ఒక విడిభాగమా, మొత్తం కారా, లేక కారు లోపలి నిర్మాణం గురించిన అవగాహనా? "అన్నీ" అని జవాబు చెప్పుకుని వెళ్తే ఏదీ సరిగా దొరకదు. యార్డులో గంటలు తెలియకుండా గడిచిపోతాయి. మధ్యాహ్నం దాకా ఫొటోలు తీసి, ఆ తర్వాత బోల్టులు విప్పడం మొదలుపెడితే గేటు మూసే వేళకు హ్యాండిల్ సగం ఊడి ఉంటుంది.

రెండోది, మీకు కావలసిన భాగం కొత్తగా తయారై దొరుకుతోందా? ఇది చాలామంది వేసుకోని ప్రశ్న. ఎక్కువ మంది పునరుద్ధరించే కార్లకు కొత్త భాగాలు తయారుచేసే సంస్థలు ఉన్నాయి. 1962 నుంచి 1980 వరకు తయారైన బ్రిటిష్ కారు ఎంజీబీకి బాడీ షెల్ మొత్తం కొత్తదే కొనుక్కోవచ్చు. మొదటి తరం ఫోర్డ్ మస్టాంగ్‌కు, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు కూడా రేకు భాగాలు, రబ్బరు బీడింగులు కొత్తవే వస్తాయి. వీటి మామూలు భాగాల కోసం యార్డులో రోజంతా తవ్వడం దండగ. యార్డు అక్కరకొచ్చేది ఎవరూ మళ్లీ తయారుచేయని వాటికి. అమెరికన్ కార్లలో నాష్, హడ్సన్ పేర్లు 1957తో ఆగిపోయాయి, స్టూడిబేకర్ కార్ల తయారీ 1966లో ముగిసింది. వాటి స్టేషన్ వ్యాగన్ వెనక లైటు కవరు పగిలితే పాత కారు నుంచి తీసుకోవడమే దారి.

మూడోది, ఎవరు ఊడదీస్తారు? కొన్ని యార్డుల్లో మీరే విప్పుకోవాలి. కొన్నింటిలో వాళ్ల మనిషే విప్పి తెచ్చిస్తాడు, మిమ్మల్ని వరసల్లోకి పంపరు. రెండో పద్ధతిలో మీ చేతులకు శ్రమ ఉండదు, కానీ పక్క కారులో ఇంకా మంచి భాగం ఉందేమో చూసుకునే వీలు కూడా ఉండదు.

నాలుగోది వాతావరణం. దీనికి విడిగా చోటివ్వాలి, ఎందుకంటే యార్డు పేరు కంటే, కార్ల సంఖ్య కంటే ఇదే ఎక్కువ నిర్ణయిస్తుంది.

## ఎండ ఒకటి తింటుంది, తేమ ఒకటి తింటుంది

ఎడారి ప్రాంతపు యార్డులో యాభై ఏళ్లుగా నిలబడ్డ కారును తట్టి చూడండి. రేకు గట్టిగా పలుకుతుంది. పైరంగు సున్నంలా పొడిబారి ఉంటుంది, కింద ఉక్కు మాత్రం నిలిచి ఉంటుంది. అమెరికాలో అరిజోనా వంటి పొడి రాష్ట్రాల కార్ల బాడీలకు అంత గిరాకీ ఉండటానికి కారణం ఇదే. మరి లోపలికి చూస్తే? డ్యాష్‌బోర్డు నేల బీటలిచ్చినట్టు పగిలి ఉంటుంది. సీటు దారాలు ముట్టుకుంటే రాలతాయి, లోపలి ఫోమ్ పొడి అవుతుంది, కిటికీ రబ్బరు బిస్కెట్టులా విరుగుతుంది. స్టీరింగ్ చక్రానికి వేళ్లు పట్టేంత పగుళ్లు ఉంటాయి.

చెట్ల నీడలో, చలి ప్రాంతంలో ఆగిన కారు కథ వేరు. అద్దాలు మూసి ఉంటే డ్యాష్‌బోర్డు, మీటర్లు, స్టీరింగ్ చక్రం కొన్నిసార్లు ఆశ్చర్యపరిచేంత బాగుంటాయి. ఇనుము మాత్రం కింది నుంచి కరిగిపోతూ ఉంటుంది. చక్రాలు భూమిలోకి కుంగి, డోరు కింది అంచు మట్టిని తాకిందంటే నేలరేకు మీద ఆశ వదులుకోవచ్చు. ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది. అందులో ఎండాకులు, పైన్ సూదులు పేరుకుని తడి పట్టి ఉంచుతాయి. బయటికి కనపడని ఆ చోటే అన్నిటికంటే ముందు పుచ్చిపోతుంది. ఇక శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో తిరిగిన కారైతే, యార్డుకు చేరకముందే సగం తుప్పు తినేసి ఉంటుంది.

అంటే రేకు కావాలంటే పొడి ప్రాంతపు యార్డు, లోపలి సామాను, అద్దాలు, మీటర్లు కావాలంటే నీడ ఉన్న యార్డు. ఒకే కారుకు ఈ రెండూ రెండు చోట్ల నుంచి తెచ్చుకునేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో అదే తెలివైన పని.

## ఒక్క చూపులో

| ఏం చూడాలి | చూపించే యార్డు | అడవిలో వదిలేసిన చోటు | నడుస్తున్న పాత కార్ల యార్డు | మామూలు తుక్కు యార్డు |
|---|---|---|---|---|
| ఫొటోలు | చాలా బాగుంటాయి | అన్నిటికంటే బాగుంటాయి | అనుమతి అడగాలి | పెద్దగా ఏమీ ఉండవు |
| విడిభాగాలు | సాధారణంగా అమ్మరు | ముట్టుకోకూడదు | ఇక్కడే దొరకాలి | సర్వసాధారణ భాగాలు మాత్రమే |
| మొత్తం కారు | దొరకదు | దొరకదు | బేరం కుదిరితే దొరుకుతుంది | అరుదు |
| నడకదారి | చక్కగా ఉంటుంది | చిత్తడి, వేర్లు | గడ్డి, ముళ్లు, ఇనుప ముక్కలు | చదునైన నేల |
| పిల్లలతో | వెళ్లవచ్చు | జాగ్రత్తగా వెళ్లవచ్చు | వద్దు | చాలాచోట్ల రానివ్వరు |
| ఎంతకాలం ఉంటుంది | యజమాని ఇష్టం | రక్షణ ఉంటేనే | తుక్కు ధరను బట్టి | యార్డు ఉంటుంది, కారు ఉండదు |

## చూపించడానికే ఉంచిన యార్డులు

వీటిలో బాగా పేరున్నది అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వైట్ అనే చిన్న ఊళ్లో ఉన్న ఓల్డ్ కార్ సిటీ. 1931లో ఒక కుటుంబం సరుకుల దుకాణంగా మొదలుపెట్టింది, తర్వాత అది కార్ల విడిభాగాల యార్డుగా మారింది, చివరికి అమ్మకం ఆపేసి చూపించే చోటుగా స్థిరపడింది. సుమారు 34 ఎకరాల చెట్ల మధ్య నాలుగు వేలకు పైగా కార్లు, వాటి మధ్య మెలికలు తిరిగే కాలిబాటలు. చాలావరకు 1972కు ముందువే. టికెట్టు కొని లోపలికి వెళ్లినవాళ్లు ఇష్టం వచ్చినంతసేపు నడిచేవాళ్లు. చూడటానికి వచ్చినవాళ్లకు ఒక రుసుము, కెమెరాతో వచ్చినవాళ్లకు ఇంకొక రుసుము వసూలు చేసే పద్ధతి అక్కడ నడిచింది.

ఇలాంటి చోటి గొప్పతనం తీరిక. ఎవరూ తొందరపెట్టరు, ఎవరి వ్యాపారానికీ అడ్డు కాము. 1950ల కార్లకు వెనక మూలల్లో లేచే తోకరెక్కలు ఏడాదికేడాది ఎలా పెరిగాయో, హెడ్‌లైట్లు రెండు నుంచి నాలుగు ఎప్పుడయ్యాయో వరసగా చూస్తూ నేర్చుకోవచ్చు. పాత కార్ల ప్రపంచంలోకి కొత్తగా అడుగుపెట్టేవాళ్లకు నేను మొదట సూచించేది ఈ రకమే. బొమ్మల్లో చూసిన కారు పక్కన నిలబడి, దాని బానెట్టు మీ ఛాతీ ఎత్తుకు వస్తుందని తెలుసుకోవడం వేరే అనుభవం.

దీని లోటు కూడా స్పష్టమే. మీరు ఏళ్ల తరబడి వెతుకుతున్న గ్రిల్ కళ్లెదుట కనిపిస్తుంది, తుప్పు పట్టిపోతూ ఉంటుంది, అమ్మరు. పునరుద్ధరణ పని చేతిలో ఉన్నవాళ్లకు ఇది నిజంగా బాధ. అలాంటివాళ్లు ఇక్కడికి నోటుపుస్తకంతో వెళ్లాలి. మీ కారు మోడలే ఇక్కడ పూర్తి రూపంలో కనబడితే, ఏ క్లిప్పు ఎక్కడ ఉంది, వైరు ఏ రంధ్రం గుండా వెళ్లింది, సీలు ఏ వైపు మడత పడింది అన్నవి ఫొటోలు తీసుకోండి. విప్పిన కారును తిరిగి బిగించే రోజున ఆ ఫొటోల విలువ తెలుస్తుంది.

ఇదే కోవలో కొంచెం పక్కకు జరిగినది జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ దగ్గర నియాండర్ లోయలోని కార్ల శిల్పవనం. కార్ల వ్యాపారి మిఖాయెల్ ఫ్రోలిష్ 2000లో తన యాభయ్యో పుట్టినరోజుకు, తాను పుట్టిన 1950లో తయారైన 50 కార్లను తెచ్చి తన తోటలో ప్రకృతికి వదిలేశాడు. అది యార్డు కాదు, ఒక మనిషి ఆలోచన. బాగుచేయదగిన కార్లను కావాలని కుళ్లబెట్టడమా అని కోపగించుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. అయినా లోహం మీద కాలం చేసే పనిని అంత ఓపిగ్గా చూపించే చోట్లు తక్కువ.

## అడవిలో వదిలేసినవి

స్వీడన్ దక్షిణ భాగంలో రిడ్ అనే ఊరి దగ్గర చిర్కో మొస్సె అనే చిత్తడి నేల ఉంది. చిత్తడిలో కుళ్లిన మొక్కలతో ఏర్పడే పీట్ మట్టి తవ్వుకుని బతికిన ఒక వ్యక్తి అక్కడ పాత కార్లను కూడా విప్పి అమ్మేవాడు. ఆయన వెళ్లిపోయాక సుమారు 150 కార్లు అడవిలోనే మిగిలాయి. వాటిని తీసేయాలా ఉంచాలా అన్న చర్చ జరిగి, చివరికి స్థానిక పాలక సంస్థ 2050 వరకు వాటిని అలాగే ఉంచాలని నిర్ణయించింది. అంటే ఇక్కడ కారును కదిలించకూడదు, ఏదీ ఊడదీయకూడదు. తుప్పు తన పని తాను పూర్తిచేసుకోవడాన్ని చూడటానికే వెళ్లాలి. అదే దేశంలో నార్వే సరిహద్దుకు దగ్గరగా బోస్ట్‌నేస్ అనే చోట ఇంకా పెద్ద యార్డు చెట్లలో కలిసిపోయి ఉంది.

ఫొటోల కోసమైతే ఈ రకానికి సాటి లేదు. ఎండ కాసే రోజు కంటే మబ్బు పట్టిన రోజు వెళ్లండి. ఎండలో క్రోమ్ మెరిసి కళ్లు జిగేలుమంటాయి, ఆకుల నీడ మచ్చలు మచ్చలుగా పడి కారు ఆకారమే చెడుతుంది. మబ్బు వెలుగులో నాచు పచ్చదనం, తుప్పు ఎరుపు రెండూ నిండుగా వస్తాయి. వాన వెలిసిన వెంటనే ఇంకా బాగుంటుంది.

ఈ చోట్ల గురించి చెప్పే కథలను మాత్రం కాస్త ఆగి వినాలి. బెల్జియంలోని షాటియోన్ అడవిలో ఉండిన కార్ల గురించి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికన్ సైనికులు తమ కార్లను ఓడల్లో పంపలేక అక్కడ దాచిపెట్టారని లోకమంతా చెప్పుకుంది. ఫొటోల్లోని కార్లను చూస్తే చాలు, వాటిలో చాలావాటిని యుద్ధం అయిన ఎన్నో ఏళ్లకు గాని తయారుచేయలేదు. అది మామూలు తుక్కు యార్డే. కారు తయారైన ఏడాదిని గుర్తుపట్టడం వస్తే ఇలాంటి కథలు మీ దగ్గర నిలవవు. ఆ కార్లను 2010 ప్రాంతంలో తొలగించేశారు.

ఈ రకం చోట్లకు ఉన్న పెద్ద ప్రమాదం అదే, ఉండకుండా పోవడం. స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గర కౌఫ్‌డార్ఫ్ గ్రామంలో దశాబ్దాల పాటు పోగైన కార్ల శ్మశానాన్ని పర్యావరణ కారణాలతో ఖాళీ చేయమని అధికారులు ఆదేశించారు. 2009లో కార్లను వేలం వేశారు. "వచ్చే ఏడాది వెళ్దాం" అనుకున్నవాళ్లకు అది దక్కలేదు. కాబట్టి రెండు చోట్లలో ఏదో ఒకదానికే వెళ్లగలిగితే, రక్షణ లేని దానికి ముందు వెళ్లండి. రక్షణ ఉన్నది మీ కోసం ఆగుతుంది.

## నడుస్తున్న పాత కార్ల యార్డు

అసలు పని జరిగే చోటు ఇది. యజమాని దగ్గర వందల కార్లు ఉంటాయి, భాగాలుగా అమ్ముతాడు, ఒక్కోసారి మొత్తంగా కూడా. న్యూజిలాండ్ ఉత్తర దీవిలో రువాపెహు పర్వతం పక్కన ఉన్న హొరోపిటో మోటార్స్ ఈ రకానికి మంచి ఉదాహరణ. 1940ల నుంచి పోగైన కార్లు అక్కడున్నాయి. విడిభాగాలు అమ్ముతారు, ఊరికే చూడటానికి వచ్చినవాళ్ల దగ్గర చిన్న రుసుము తీసుకుని తిరగనిస్తారు. ఒకే కుటుంబంలో ఒకరికి కార్బ్యురేటర్, ఇంకొకరికి ఫొటోలు కావాలంటే ఇలాంటి మిశ్రమ యార్డు ఇద్దరినీ తృప్తిపరుస్తుంది.

ఇక్కడ మీకు లాభం కలిగించేది ఏ భాగం దేనికి సరిపోతుందన్న జ్ఞానం. రెండు డోర్ల కూపే కారు అపురూపం, దాన్ని ఎప్పుడో ఊడ్చేసి ఉంటారు. దాని పక్కనే ఎవరూ పట్టించుకోని నాలుగు డోర్ల కారు ఉంటుంది. చాలా అమెరికన్ మోడళ్లలో ఈ రెంటికీ ముందు మడ్‌గార్డులు, బానెట్టు, గ్రిల్, మీటర్లు ఒకటే. ఆ నాలుగు డోర్ల కారులోనే మీ నిధి ఉంటుంది. ఏ భాగం ఏయే ఏళ్ల ఏయే మోడళ్లకు సరిపోతుందో చెప్పే హొలాండర్ పట్టికలను 1930ల నుంచి యార్డుల వాళ్లు వాడుతున్నారు. పాత యార్డుల్లో బల్ల మీద నూనె మరకలతో కనిపించే లావుపాటి పుస్తకం తరచుగా అదే. సిగ్గుపడకుండా అడిగి చూడండి.

సరిపోతుందని కనిపించినా సరిపోనివీ ఉన్నాయి. అమెరికన్ కార్లు 1950ల మధ్యకల్లా ఆరు వోల్టుల నుంచి పన్నెండు వోల్టులకు మారాయి. అందుకే 1954 కారు హీటరు మోటారు 1957 కారులో అచ్చంగా కూర్చున్నా పనిచేయకపోవచ్చు. వైరింగ్‌కు సంబంధించిన ఏది తీసుకున్నా వోల్టేజీ చూడకుండా డబ్బు ఇవ్వకండి.

ఇక విప్పే పని. దీన్ని దగ్గరగా చెబుతాను, ఎందుకంటే యార్డుల్లో పాడయ్యే భాగాల్లో చాలావాటిని పాడుచేసింది తుప్పు కాదు, తొందర. కిటికీ అద్దాన్ని దించే హ్యాండిల్ తీసుకోండి. చాలా పాత అమెరికన్ కార్లలో దానికి బయట ఏ స్క్రూ కనిపించదు. బలంగా లాగితే హ్యాండిల్ వంగుతుంది, కాకపోతే లోపలి పళ్లు అరుగుతాయి. దాని వెనక, డోరు అట్టకు ఆనుకుని, గుర్రపు లాడం ఆకారంలో సన్నని ఉక్కు క్లిప్పు ఉంటుంది. పాత గుడ్డపేలిక ఒకటి హ్యాండిల్ వెనకకు దూర్చి, రెండు కొసలూ పట్టుకుని, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి. నాలుగైదు లాగుళ్లకు పేలిక క్లిప్పును పట్టుకుంటుంది, టక్కున ఎగిరిపడుతుంది. రెండో చెయ్యి కింద పట్టుకుని ఉండండి, లేకపోతే క్లిప్పు గడ్డిలో కలిసిపోతుంది. హ్యాండిల్ ఎంత ముఖ్యమో క్లిప్పూ అంతే ముఖ్యం.

అలంకారపు పట్టీల విషయంలో తేడా తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ సొట్టపడినా వెనక నుంచి మెల్లగా కొట్టి, రుద్ది మెరిపించవచ్చు. జింకు మిశ్రమంతో పోతపోసి పైన క్రోమ్ పూసిన భాగాలు, అంటే లైట్ల చుట్టూ ఉండే చట్రాలు, పేర్ల అక్షరాలు వంటివి, లోపలి నుంచి బొబ్బలెత్తుతాయి. ఆ బొబ్బలు వచ్చాక బాగుచేయించడం ఖరీదైన పని. కాబట్టి జింకు భాగం నున్నగా దొరికితే వదలకండి. స్టీలు పట్టీ కాస్త సొట్టపడి ఉన్నా భయపడకండి, విరిగిన మడత మాత్రం ఉండకూడదు.

రేకు కొనేటప్పుడు గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. అది అంటుకోని చోట రంగు కింద పుట్టీ ఉంది. డోరు కింది అంచు, మడ్‌గార్డు వెనక మూల, వెనక అద్దం కింది రేకు, డిక్కీ నేల అనే నాలుగు చోట్లా స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు కంగుమంటుంది, పుచ్చినది మందంగా పలుకుతుంది.

చక్రం విప్పాల్సి వస్తే ఒక మాట. 1970 దాకా క్రైస్లర్ సంస్థ చాలా కార్లకు ఎడమ వైపు చక్రాల నట్లను తిరగమరలతో చేసింది. అంటే మామూలుగా విప్పే దిశలో తిప్పితే ఇంకా బిగుసుకుంటాయి. ఎంతోమంది నట్టు తుప్పు పట్టిందనుకుని బోల్టులు విరగ్గొట్టారు. ఆ సంస్థవే అయిన డాడ్జ్, ప్లిమత్, క్రైస్లర్ కార్ల ఎడమ చక్రం దగ్గర మొండితనం ఎదురైతే రెండో వైపు తిప్పి చూడండి.

కొన్ని యార్డులు ఫోనులో అడిగితే భాగం విప్పి పంపుతాయి. దూరాన ఉన్నవాళ్లకు, కచ్చితంగా ఏ భాగం కావాలో తెలిసినవాళ్లకు ఇది మంచి మార్గం. అయితే ఫొటోలు పంపమని అడగండి, ముందువైపుది మాత్రమే కాదు, వెనకవైపుది, బిగించే రంధ్రాలది కూడా. భాగం వెనకవైపే దాని అసలు వయసు చెబుతుంది.

## మామూలు తుక్కు యార్డు

పాత కార్ల ప్రేమికులు దీన్ని చిన్నచూపు చూస్తారు. ఇక్కడ కార్లు కొన్ని వారాలో నెలలో ఉండి ముద్దగా మారిపోతాయి, పాతవి ఎప్పుడో ఒకసారి తప్ప రావు. అయినా రెండు సందర్భాల్లో ఇదే సరైన చోటు. మీ పాత కారులో తర్వాతి కాలపు ఇంజిన్ గానీ, ఆల్టర్నేటర్ గానీ, డిస్క్ బ్రేకులు గానీ అమర్చాలనుకుంటే అవి ఇక్కడ తక్కువలో దొరుకుతాయి. విప్పడం, బిగించడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు కూడా ఇది మంచి బడి, ఏదైనా విరిగినా అపురూపమైనదాన్ని నాశనం చేశామన్న బాధ ఉండదు. నిజంగా పాత కారు ఇక్కడ కనబడితే రేపు వద్దాం అనుకోవద్దు.

## ఎవరికి ఏది

కొత్తగా ఆసక్తి పుట్టినవాళ్లు చూపించే యార్డుతో మొదలుపెట్టండి. కుటుంబంతో వెళ్లేవాళ్లకూ అదే. ఫొటోలే లక్ష్యమైతే అడవిలోనివి, వాటిలోనూ తొలగించే ప్రమాదం ఉన్నవి ముందు.

ఒక కారును చేతిలో పెట్టుకుని భాగాల కోసం తిరిగేవాళ్లు నడుస్తున్న యార్డుకే వెళ్లాలి. జాబితా రాసుకోండి, దాన్ని మూడుగా విడదీయండి. కొత్తది దొరికేవి, రేకు భాగాలు, లోపలి భాగాలు. మొదటివాటిని కొట్టేయండి. మిగతా రెంటికీ వాతావరణాన్ని బట్టి యార్డును ఎంచుకోండి.

మొత్తం కారు కొనాలనుకునేవాళ్లకు నా సలహా కాస్త కఠినంగా ఉంటుంది. ఇంజిన్ నడవకపోవడం చిన్న సమస్య, సీట్లు చిరగడం ఇంకా చిన్నది. చాసిస్ (కారును మోసే కింది చట్రం), నేలరేకు, ముందు అద్దం కింది భాగం, కాగితాలు, ఈ నాలుగూ చూడండి. చాసిస్ పుచ్చితే ఆ కారు భాగాలకే పనికొస్తుంది. కాగితాల్లోని నంబరు, కారు మీద తయారీ సంస్థ వేసిన గుర్తింపు నంబరు ఒకటే కావాలి. అమెరికన్ కార్లకు 17 అక్షరాల ఏకరీతి నంబరు 1981 నుంచే వచ్చింది. అంతకుముందు ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి, పలక ఉండే చోటు కూడా మారుతుంది. కాబట్టి మీ మోడలుకు అది ఎక్కడ ఉంటుందో ముందే తెలుసుకుని వెళ్లండి. ఆ గుర్తింపు నంబరు పలకను ఊడదీసి విడిగా చేతికిస్తే ఆ బేరం వదిలేయండి. ఎంత అందమైన కారైనా సరే.

## లోపలికి అడుగుపెట్టాక

మందపాటి అట్ట ఉన్న బూట్లు, పూర్తి చేతుల చొక్కా, తోలు గ్లవ్స్, ధనుర్వాతం టీకా. వీటి గురించి బేరమాడవద్దు. డోరు తెరిచే ముందు దాని మీద రెండుసార్లు కొట్టి ఆగండి. కందిరీగలకు కారు పైకప్పు లోపలి గుడ్డ ఎంతో ఇష్టమైన చోటు, పాములకు సీటు కింద చీకటి. చల్లని ప్రాంతాల్లో ఆకులు రాలాక వెళ్తే ఈ రెండు బాధలూ తగ్గుతాయి, గడ్డి కూడా అణగి దారి కనిపిస్తుంది.

జాకీ మీద గానీ, ఇటుకల మీద గానీ ఉన్న కారు కిందికి దూరవద్దు, చెయ్యి కూడా పెట్టవద్దు. పాత బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉంటుంది, ఆ దుమ్మును ఊదవద్దు, ఆరిన బ్రష్షుతో దులపవద్దు. 1973 తర్వాతి అమెరికన్ కార్లలో కొన్నింటి బంపర్ల వెనక కుదుపును తట్టుకోవడానికి ఒత్తిడితో నింపిన గొట్టాలు ఉంటాయి, వాటిని వేడిచేసినా రంధ్రం చేసినా పేలతాయి.

వెళ్లే ముందు ఫోను చేసి మూడు అడగండి. తెరిచి ఉందా, వరసల్లోకి రానిస్తారా, ఫొటోలు తీయవచ్చా. ఈ యార్డుల్లో చాలావాటిని పెద్దవయసు వాళ్లు నడుపుతున్నారు. తుక్కు ధర పెరిగినప్పుడో, వారసులు వద్దన్నప్పుడో ఒక్క వేసవిలో మొత్తం కార్లు క్రషర్‌కు వెళ్లిపోతాయి. యజమానితో పది నిమిషాలు నిలబడి మాట్లాడండి. ఏ కారు ఎవరిది, ఎప్పుడు వచ్చింది, ఎందుకు ఆగింది అన్న వివరాలు చాలాసార్లు ఆయన జ్ఞాపకంలోనే ఉంటాయి, ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు. అడిగితే సంతోషంగా చెబుతారు, అనుమతి తీసుకుని రాసిపెట్టుకోండి.

మీకు కావలసింది తీసుకున్నాక, మీకు అక్కరలేని స్క్రూలను అదే కారు యాష్‌ట్రేలో వేసి పెట్టండి. కిటికీ అద్దం పైకి లేపండి, బానెట్టు దించండి, డోరు నెట్టి మూయండి. తర్వాత వచ్చేవాళ్లకు ఆ డ్యాష్‌బోర్డే కావాల్సి ఉండవచ్చు.